మైక్రోఆర్‌ఎన్‌ఏ శోథను నియంత్రిస్తోందని తేల్చడం ఎలా: దశలవారీ సమగ్ర మార్గదర్శి

శోథ (ఇన్‌ఫ్లమేషన్) ఉన్న ఏ కణజాలాన్ని తీసుకుని పరీక్షించినా, అందులో కొన్ని మైక్రోఆర్‌ఎన్‌ఏలు పెరిగి, మరికొన్ని తగ్గి కనిపిస్తాయి. ఆ జాబితాను చూసి, ఫలానా మైక్రోఆర్‌ఎన్‌ఏ ఫలానా సైటోకైన్‌ను, అంటే రోగనిరోధక కణాలు విడుదల చేసే సంకేత ప్రొటీన్‌ను, నియంత్రిస్తోందని రాసేయడం సులువు. అయితే ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ పెరగడానికి కనీసం మూడు కారణాలు ఉండవచ్చు. అది శోథను నడిపిస్తూ ఉండవచ్చు. శోథను అణచడానికే కణం దానిని తయారు చేసుకుంటూ ఉండవచ్చు. లేదా దానిని సహజంగానే ఎక్కువగా కలిగి ఉండే కణాలు ఆ చోటికి వలస వచ్చి ఉండవచ్చు. మూడవ దానికి మంచి ఉదాహరణ మిర్-223 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలలో అది పుష్కలంగా ఉంటుంది కనుక, గాయపడిన చోటికి ఆ కణాలు గుంపుగా చేరితే చాలు, ఏ ఒక్క కణంలోనూ దాని మోతాదు మారకపోయినా కణజాలం మొత్తంలో అది ఎన్నో రెట్లు పెరిగినట్టు కొలతలో కనిపిస్తుంది. మిర్-223 లేకుండా పెంచిన ఎలుకల న్యూట్రోఫిల్స్ మరింత ఉద్రేకంగా స్పందించాయని 2008లో వెల్లడైంది. అంటే శోథ ఉన్న చోట కనిపించిన ఆ అణువు శోథకు పగ్గమే తప్ప కారణం కాదు.

మైక్రోఆర్‌ఎన్‌ఏకీ రోగనిరోధక సంకేత అణువుకీ మధ్య సంబంధాన్ని అనుమానం నుంచి నిర్ధారణ వరకు ఎలా తీసుకువెళ్లాలో ఈ మార్గదర్శి వివరిస్తుంది. ప్రయోగశాలలో పని చేసే పరిశోధక విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని దీనిని రాశాను. పరిశోధన పత్రాలను చదివి తూకం వేయవలసిన వారికి కూడా ఇవే దశలు ప్రశ్నల పట్టికగా ఉపయోగపడతాయి.

మొదటి దశ: యంత్రాంగాన్ని అక్షరాల స్థాయిలో తెలుసుకోవడం

మైక్రోఆర్‌ఎన్‌ఏ సుమారు 22 న్యూక్లియోటైడ్‌ల పొడవున్న ఆర్‌ఎన్‌ఏ పోగు. దానిలో ఏ ప్రొటీన్‌కూ కోడ్ ఉండదు. 1993లో సి. ఎలిగాన్స్ అనే చిన్న పురుగులో విక్టర్ ఆంబ్రోస్ బృందం లిన్-4 అనే మొదటి మైక్రోఆర్‌ఎన్‌ఏను గుర్తించగా, అది లిన్-14 జన్యువు సందేశాన్ని (సందేశక ఆర్‌ఎన్‌ఏను) అణచివేస్తోందని గ్యారీ రవ్‌కన్ బృందం చూపింది. ఆ ఇద్దరికీ 2024లో వైద్య నోబెల్ బహుమతి లభించింది.

కణ కేంద్రకంలో ముందుగా పొడవైన ప్రాథమిక పోగు తయారవుతుంది. డ్రోషా అనే ఎంజైమ్ దానిని కత్తిరించి, జడపిన్ను ఆకారంలో మడతపడిన పూర్వరూపాన్ని విడుదల చేస్తుంది. ఎక్స్‌పోర్టిన్-5 దానిని కేంద్రకం బయటికి చేరవేస్తుంది. అక్కడ డైసర్ అనే మరొక ఎంజైమ్ మళ్లీ కత్తిరించి, చిన్న జంట పోగును మిగులుస్తుంది. ఆ జంటలో ఒకటి ఆర్గోనాట్ ప్రొటీన్‌లో కూర్చుంటుంది, రెండవది సాధారణంగా నశించిపోతుంది. ఆర్గోనాట్‌లో కూర్చున్న పోగులో 2 నుంచి 8 వరకు ఉన్న అక్షరాలను బీజ ప్రాంతం అంటారు. సందేశక ఆర్‌ఎన్‌ఏలో ప్రొటీన్ కోడ్ ముగిసిన తరువాత వచ్చే చివరి భాగంలో, అంటే 3 ప్రైమ్ యూటీఆర్‌లో, ఈ బీజానికి సరిపోయే వరుస ఉంటే ఆర్గోనాట్ అక్కడ అతుక్కుంటుంది. ఆపైన జీడబ్ల్యూ-182 కుటుంబపు ప్రొటీన్‌లు వచ్చి, సందేశం చివర ఉన్న ఎడినిన్ తోకను కత్తిరించే ఎంజైమ్‌లను పిలుస్తాయి. తోక పోయిన సందేశం తన మొదట్లో ఉండే రక్షక టోపీని కూడా కోల్పోయి త్వరగా నశిస్తుంది, దాని నుంచి ప్రొటీన్ తయారీ తగ్గుతుంది.

ఇక్కడ గుర్తు పెట్టుకోవలసినది మోతాదు. ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ ఒక లక్ష్యాన్ని పూర్తిగా ఆర్పివేయడం చాలా అరుదు. వేల ప్రొటీన్‌లను ఒకేసారి కొలిచిన 2008 నాటి అధ్యయనాలలో చాలా లక్ష్యాలలో తగ్గుదల రెండు రెట్లకు మించలేదు. కాబట్టి మైక్రోఆర్‌ఎన్‌ఏను స్విచ్‌తో పోల్చడం సరికాదు. ఎవరైనా తమ ప్రయోగంలో లక్ష్య ప్రొటీన్ పదోవంతుకు పడిపోయిందని చెబితే, అది మైక్రోఆర్‌ఎన్‌ఏ సహజ మోతాదులో చేసిన పనేనా, లేక పోసిన మందు ఎక్కువైందా అని ముందు అడగాలి.

రెండవ దశ: సంకేత మార్గంలో దాని చోటును గీసుకోవడం

ప్రయోగం మొదలుపెట్టే ముందు కాగితం మీద ఒక పటం గీయడం తప్పనిసరి అని నా అభిప్రాయం. బాక్టీరియా గోడ నుంచి వచ్చే ఎల్‌పీఎస్ అణువును మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణం తన ఉపరితలం మీది టీఎల్‌ఆర్-4 గ్రాహకంతో పసిగడుతుంది. ఆ గ్రాహకం మైడీ-88 ద్వారా ఐరాక్ కుటుంబపు కైనేజ్ ఎంజైమ్‌లను, అవి ట్రాఫ్-6ను ప్రేరేపిస్తాయి. అక్కడి నుంచి సంకేతం ఐకేకే సముదాయానికి చేరి, ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ను (జన్యువులను మేల్కొలిపే ప్రొటీన్‌ను) కణద్రవ్యంలో బంధించి ఉంచే నిరోధక ప్రొటీన్‌ను నాశనం చేయిస్తుంది. బంధం తెగిన ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి శోథ జన్యువులను మేల్కొలుపుతుంది.

అదే ఎన్‌ఎఫ్-కప్పా-బి మిర్-146ఎ జన్యువును కూడా మేల్కొలుపుతుందని 2006లో డేవిడ్ బాల్టిమోర్ ప్రయోగశాల చూపింది. అలా తయారైన మిర్-146ఎ పోయి పోయి ఐరాక్-1, ట్రాఫ్-6 సందేశాల మీదనే అతుక్కుంటుంది. అంటే సంకేతం తనను తెచ్చిన దారినే సన్నం చేసుకుంటుంది. ఈ వలయాన్ని పటంలో గీసిన తరువాత, శోథలో మిర్-146ఎ పెరగడం ఎందుకు ప్రమాద సూచన కానవసరం లేదో, అది పెరగవలసినంత పెరగకపోవడమే ఎందుకు ప్రమాదమో వివరించనక్కరలేదు. అది లేని ఎలుకలు కొద్దిపాటి ఎల్‌పీఎస్‌కే తీవ్రంగా స్పందించాయి. వయసు పెరిగే కొద్దీ వాటిలో స్వయం నిరోధక లక్షణాలు, మజ్జ కణాల మితిమీరిన పెరుగుదల, కణితులు కనిపించాయని 2011లో వెలువడిన అధ్యయనం నమోదు చేసింది.

అదే సంకేతంతో పుట్టే మిర్-155 పని తీరు వేరు. అది షిప్-1, సాక్స్-1 అనే రెండు ప్రొటీన్‌ల సందేశాలను అణుస్తుంది. షిప్-1 పీఐ3 కైనేజ్ మార్గానికి, సాక్స్-1 జాక్-స్టాట్ మార్గానికి కళ్లెం వంటివి. కళ్లేలు సడలితే ప్రతిస్పందన పెరుగుతుంది. మిర్-155 లేని ఎలుకలలో రోగనిరోధక స్పందన బలహీనపడిందని 2007లో రెండు బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కూ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కూ నమూనాలుగా వాడే కృత్రిమ వ్యాధులను ఆ ఎలుకలు చాలావరకు తట్టుకున్నాయని తరువాత తెలిసింది. ఇంటర్‌ల్యూకిన్-10 అనే శాంతపరిచే సైటోకైన్ మిర్-155 తయారీని తగ్గించి, షిప్-1ను తిరిగి పైకి తెస్తుంది. ఈ రెండు అణువుల కథనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మైక్రోఆర్‌ఎన్‌ఏ శోథను పెంచుతుందా తగ్గిస్తుందా అన్నది దాని లక్ష్యం యాక్సిలరేటరా బ్రేకా అన్నదాని మీద ఆధారపడి ఉంటుందని స్పష్టమవుతుంది. అయినా మిర్-155ను శోథకారకమని ఒక్క మాటలో ముద్ర వేయకూడదు. డెండ్రిటిక్ కణాలలో అది టీఎల్‌ఆర్ మార్గంలోనే ఉన్న టాబ్-2ను అణచి, ఆ మేరకు సంకేతాన్ని తగ్గిస్తుంది కూడా.

మీ పటంలో నాలుగు విషయాలు ఉండాలి: మైక్రోఆర్‌ఎన్‌ఏను ఏ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ పుట్టిస్తుంది, అది ఏ సందేశాన్ని అణుస్తుంది, ఆ సందేశం నుంచి వచ్చే ప్రొటీన్ ఆ మార్గాన్ని ముందుకు తోస్తుందా వెనక్కి లాగుతుందా, చివరి ఫలితంగా ఏ సైటోకైన్‌ను కొలుస్తారు. వీటిలో దేనికైనా సమాధానం ఊహ మాత్రమే అయితే ఆ గీతను చుక్కలతో గీయండి. మీ ప్రయోగాలు నింపవలసినవి ఆ చుక్కల గీతలే.

మూడవ దశ: కణాన్ని, సమయాన్ని ఎంచుకోవడం

ఒకే మైక్రోఆర్‌ఎన్‌ఏ మాక్రోఫేజ్‌లో ఒక పని, టీ కణంలో మరొక పని చేస్తుంది. మిర్-146ఎ మాక్రోఫేజ్‌లో ట్రాఫ్-6 ద్వారా పని చేస్తే, నియంత్రక టీ కణాలలో స్టాట్-1ను అదుపులో ఉంచడం దాని ముఖ్యమైన పని అని 2010లో తేలింది. కాబట్టి మొత్తం రక్తం లేదా మొత్తం కణజాలంతో మొదలుపెట్టినా, నిర్ధారణ మాత్రం వేరు చేసిన ఒకే రకం కణంలో జరగాలి.

సమయం విషయంలో జరిగే పొరపాట్లు ఇంకా ఎక్కువ. ఎల్‌పీఎస్ తగిలిన మాక్రోఫేజ్‌లో టీఎన్‌ఎఫ్ సందేశం మొదటి ఒకటి రెండు గంటలలోనే శిఖరానికి చేరుతుంది. పరిపక్వ మిర్-146ఎ మాత్రం గంటల తరబడి నెమ్మదిగా పోగుపడుతుంది. నాలుగవ గంటలో ఒకే ఒక్క నమూనా తీసి, టీఎన్‌ఎఫ్ ఎక్కువగా, మిర్-146ఎ తక్కువగా ఉందని చూపి, రెంటికీ విలోమ సంబంధం ఉందని రాస్తే, అది గడియారం చేసిన మాయ మాత్రమే కావచ్చు. ఉద్దీపనకు ముందు ఒకటి, తరువాత 1, 2, 4, 8, 12, 24, 48 గంటలకు ఒక్కొక్కటి చొప్పున నమూనాలు తీయండి. ప్రతి నమూనాలోనూ మైక్రోఆర్‌ఎన్‌ఏ ప్రాథమిక రూపాన్ని, పరిపక్వ రూపాన్ని విడివిడిగా కొలవండి. ప్రాథమిక రూపం పెరిగితే జన్యువు మేల్కొన్నట్టు. అది మారకుండా పరిపక్వ రూపం మాత్రమే మారితే కత్తిరింపులోనో నిలకడలోనో మార్పు వచ్చినట్టు. ఈ తేడా తెలియకపోతే రెండవ దశలో గీసిన పటంలోని మొదటి గీత ఎప్పటికీ నిర్ధారణ కాదు.

టీ కణాలతో పని చేసేవారికి ఇంకొక హెచ్చరిక. టీ కణం ఉత్తేజితమై విభజన మొదలుపెట్టినప్పుడు, చాలా సందేశాలు పొట్టి యూటీఆర్‌లతో తయారవుతాయని 2008లో గమనించారు. యూటీఆర్ పొట్టిదైతే మైక్రోఆర్‌ఎన్‌ఏ అతుక్కునే చోటే మాయమవుతుంది. అదే సమయంలో ఆర్గోనాట్ ప్రొటీన్‌లు కూడా తగ్గుతాయి. కాబట్టి విశ్రాంత కణంలో ఉన్న లక్ష్యం ఉత్తేజిత కణంలోనూ లక్ష్యమేనని అనుకోకుండా, మీ కణంలో ఏ పొడవు యూటీఆర్ తయారవుతోందో ముందే పరీక్షించుకోండి.

నాలుగవ దశ: నమూనాను పాడుచేయకుండా కొలవడం

కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడు, చిన్న ఆర్‌ఎన్‌ఏలను నిలుపుకునే పద్ధతినే వాడాలి. సాధారణ సిలికా కాలమ్‌లు 200 న్యూక్లియోటైడ్‌ల కంటే చిన్నవాటిని చాలావరకు వదిలేస్తాయి. కొలతకు స్టెమ్-లూప్ ప్రైమర్‌తో చేసే ఆర్‌టీ-క్యూపీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి ప్రతులు పెంచుతూ లెక్కించే పద్ధతి) నమ్మదగినది. మిర్-146ఎ, మిర్-146బి రెండింటి బీజం ఒకటే, వరుసలో తేడా చివరి భాగంలోని రెండు అక్షరాలే. పైగా అవి వేర్వేరు క్రోమోజోమ్‌ల మీద ఉండి వేర్వేరు సంకేతాలకు స్పందిస్తాయి. మీ ప్రైమర్ వాటిని విడదీస్తోందో లేదో కృత్రిమ పోగులతో సరిచూసుకోండి. అలాగే జంటలోని రెండు పోగులనూ, అంటే 5పి, 3పి రూపాలను, ఎప్పుడూ పేరులో స్పష్టంగా రాయండి. మిర్-155 విషయంలో మరుగున పడిన 3పి పోగు ప్లాస్మసైటాయిడ్ డెండ్రిటిక్ కణాలలో ఐరాక్-ఎమ్ అనే నిరోధకాన్ని అణచి ఇంటర్‌ఫెరాన్ తయారీని పెంచుతుందనీ, 5పి పోగు అక్కడ దానికి వ్యతిరేకంగా పని చేస్తుందనీ 2010లో ప్రచురితమైంది. పేరు చివర రెండక్షరాలు వదిలేస్తే అర్థం తలకిందులవుతుంది.

రక్త ప్లాస్మాతో పని చేస్తే జాగ్రత్తలు రెట్టింపు కావాలి. ఎర్ర రక్తకణాలు పగిలితే వాటిలోని మిర్-451ఎ, మిర్-16 ప్లాస్మాలోకి వరదలా వస్తాయి. మిర్-23ఎ మాత్రం పెద్దగా మారదు. అందువల్ల మిర్-23ఎ సీక్యూ విలువ (సంకేతం కనిపించేసరికి గడిచిన పీసీఆర్ చక్రాల సంఖ్య) నుంచి మిర్-451ఎ సీక్యూ విలువను తీసివేసి చూడండి. తేడా 7 దాటితే ఆ నమూనాలో కణాలు పగిలాయని భావించి పక్కన పెట్టడం మంచిది. రక్తాన్ని హెపారిన్ గొట్టంలో తీయకూడదు, అది పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఈడీటీఏ గొట్టం వాడాలి. ప్లేట్‌లెట్‌లు మిగలకుండా రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేయాలి. కణాలలో ప్రమాణంగా వాడే యూ-6 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ప్లాస్మాలో ప్రమాణంగా పనికిరాదు. మనిషిలో లేని పురుగు మైక్రోఆర్‌ఎన్‌ఏ, సెల్-మిర్-39ను తెలిసిన మోతాదులో కలిపి, వెలికితీతలో జరిగిన నష్టాన్ని లెక్కకట్టండి.

రెట్ల పెరుగుదల ఒక్కటే చాలదు, కణానికి ఎన్ని ప్రతులు ఉన్నాయో కూడా లెక్కించాలి. కణానికి రెండు ప్రతుల నుంచి ఇరవైకి పెరిగితే పది రెట్లు పెరిగినట్టే. కానీ ఆ ఇరవై ప్రతులు వేలాది సందేశాల మధ్య పంచుకోవలసి వచ్చినప్పుడు ఏ ఒక్క లక్ష్యాన్నీ గట్టిగా అణచలేవు. కృత్రిమ పోగుతో ప్రమాణ రేఖ గీసి, కణాల సంఖ్యతో భాగిస్తే ఈ లెక్క వస్తుంది. ఈ ఒక్క కొలతే ఎన్నో నెలల వృథా శ్రమను తప్పించగలదు.

ఐదవ దశ: లక్ష్యాన్ని ఊహించి, ఊహను జల్లెడ పట్టడం

టార్గెట్‌స్కాన్, మిర్‌డీబీ వంటి సాధనాలు బీజం సరిపోయే చోట్లను చూపుతాయి. అయితే వాటికి ముందు చేత్తో ఒకసారి లెక్క చేసి చూడటం మేలు. మిర్-146ఎ బీజం జి-ఎ-జి-ఎ-ఎ-సి-యు. దానికి జత కావాలంటే సందేశంలో ఎ-జి-యు-యు-సి-యు-సి అనే ఏడక్షరాల వరుస ఉండాలి. దాని వెంటనే మరొక ఎ ఉంటే అది ఎనిమిదక్షరాల బలమైన చోటు అవుతుంది. నాలుగు అక్షరాల భాషలో ఒక నిర్దిష్టమైన ఏడక్షరాల వరుస యాదృచ్ఛికంగా సగటున 16,384 అక్షరాలకు ఒకసారి వస్తుంది. వెయ్యి అక్షరాల యూటీఆర్‌లో అది కేవలం కాకతాళీయంగా తగిలే అవకాశం సుమారు పదహారింట ఒకటి. ఇరవై వేల జన్యువులకు లెక్క వేస్తే పన్నెండు వందలకు పైగా పొంతనలు ఏ అర్థమూ లేకుండానే దొరుకుతాయి. జాబితాలో మీకు నచ్చిన సైటోకైన్ పేరు కనిపించడం ఎందుకు ఆధారం కాదో ఈ లెక్క చెబుతుంది.

జల్లెడ పట్టడానికి కొన్ని కొలమానాలు ఉన్నాయి. ఆ చోటు మనిషి, ఎలుక, ఇతర క్షీరదాలలో చెక్కుచెదరకుండా నిలిచి ఉందా? మీ కణంలో ఆ సందేశమూ మైక్రోఆర్‌ఎన్‌ఏ రెండూ ఒకే సమయంలో ఉన్నాయా? ఆర్గోనాట్‌ను అతినీలలోహిత కాంతితో ఆర్‌ఎన్‌ఏకు అతికించి చదివే క్లిప్ పద్ధతి సమాచారంలో ఆ చోట ఆర్గోనాట్ పాదముద్ర కనిపించిందా? 2009 నుంచి ఇలాంటి సమాచారం పోగవుతూ వస్తోంది, చాలావరకు ఉచితంగా లభిస్తుంది. ఈ మూడింటికీ అవునన్న సమాధానం వచ్చిన లక్ష్యాలను మాత్రమే ప్రయోగబల్ల మీదికి తీసుకురండి.

సైటోకైన్ సందేశాల విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సందేశాల యూటీఆర్‌లలో ఎడినిన్, యురిడిన్‌లు దట్టంగా ఉండే వరుసలు ఉంటాయి. ట్రిస్టెట్రాప్రొలిన్ వంటి ప్రొటీన్‌లు వాటికి అతుక్కుని ఆ సందేశాలను శరవేగంగా నాశనం చేస్తాయి. మైక్రోఆర్‌ఎన్‌ఏ ప్రభావం అనుకున్నది ఈ ప్రొటీన్ ప్రభావం కావచ్చు. చాలాసార్లు మైక్రోఆర్‌ఎన్‌ఏ సైటోకైన్‌ను నేరుగా ముట్టుకోదు. దాని పైనున్న సంకేత ప్రొటీన్‌ను ముట్టుకుంటుంది. లెట్-7 ఇంటర్‌ల్యూకిన్-6 సందేశాన్ని నేరుగా అణచడం వంటి ఉదాహరణలు లేకపోలేదు. అక్కడ కూడా ఆసక్తి కలిగించేది వలయమే: ఎన్‌ఎఫ్-కప్పా-బి లిన్-28బి అనే ప్రొటీన్‌ను పెంచుతుంది, అది లెట్-7 తయారీని అడ్డుకుంటుంది, లెట్-7 తగ్గితే ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగి మళ్లీ ఎన్‌ఎఫ్-కప్పా-బిని ఉసిగొల్పుతుంది. రొమ్ము కణాలను కేన్సర్ దిశగా మార్చే ప్రక్రియలో ఈ వలయాన్ని 2009లో వివరించారు.

ఆరవ దశ: నేరుగా అతుక్కుంటోందని చూపడం

లక్ష్య యూటీఆర్‌ను వెలుగునిచ్చే లూసిఫరేజ్ జన్యువు వెనుక అతికించి కణంలోకి పంపితే, మైక్రోఆర్‌ఎన్‌ఏ అతుక్కున్నప్పుడు వెలుగు తగ్గుతుంది. అదే యూటీఆర్‌లో బీజానికి జత అయ్యే అక్షరాలలో రెండు మూడింటిని మార్చిన రూపంతో ఆ తగ్గుదల పోవాలి. అంతటితో ఆపకుండా, మార్చిన చోటుకు సరిపోయేలా మైక్రోఆర్‌ఎన్‌ఏ బీజాన్ని కూడా మార్చి, తగ్గుదల తిరిగి వస్తోందా అని చూసినప్పుడే వాదం బలపడుతుంది. ఈ ప్రయోగాన్ని ఎక్కువగా హెచ్‌ఈకే-293 అనే ప్రయోగశాల కణాలలో చేస్తారు. వాటిలో సహజంగా టీఎల్‌ఆర్-4 ఉండదు కనుక అవి అతుకును మాత్రమే చూపగలవు, శోథ గురించి ఏమీ చెప్పలేవు.

ఏడవ దశ: కణంలో పెంచి, తగ్గించి చూడటం

ఈ దశలో రోగనిరోధక కణాలతో పని చేసేవారికి ఇతర జీవశాస్త్రవేత్తలకు లేని కష్టం ఒకటి ఎదురవుతుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏను పెంచడానికి వాడే కృత్రిమ అనుకరణ ఒక జంట పోగు ఆర్‌ఎన్‌ఏ; మాక్రోఫేజ్ అంటే జంట పోగు ఆర్‌ఎన్‌ఏను వైరస్‌గా పసిగట్టడానికే తయారైన కణం. టీఎల్‌ఆర్-3, టీఎల్‌ఆర్-7, రిగ్-ఐ వంటి గ్రాహకాలు మీరు పోసిన అణువును చూసి ఇంటర్‌ఫెరాన్ సంకేతం మొదలుపెట్టవచ్చు. అప్పుడు మీరు కొలిచే సైటోకైన్ మార్పు మైక్రోఆర్‌ఎన్‌ఏ చేసినది కాదు, మీ చేయి చేసినది. దీనిని పట్టుకోవడానికి అదే రసాయన మార్పులు ఉన్న అర్థరహిత వరుసతో ఒక కంట్రోల్, కేవలం లిపిడ్ వాహకంతో ఒక కంట్రోల్, ఏమీ పోయని కణాలతో ఒక కంట్రోల్ ఉంచండి. మూడింటిలోనూ ఇంటర్‌ఫెరాన్ బీటానూ, దానికి స్పందించే ఐఫిట్-1 వంటి ఒక జన్యువునూ కొలవండి. అవి పెరిగితే మిగతా ఫలితాలను చదవకుండానే ప్రయోగాన్ని మళ్లీ రూపొందించుకోవాలి. ప్లాస్మిడ్‌లలో మిగిలిపోయే ఎల్‌పీఎస్ కూడా ఇదే మోసం చేస్తుంది కనుక వాటిని పరీక్షించి వాడండి.

అనుకరణ మోతాదును అతి తక్కువ నుంచి మెట్లు మెట్లుగా పెంచుతూ వెళ్లి, కణంలో శోథ సమయాన సహజంగా ఉండే మోతాదుకు దగ్గరగా వచ్చిన మెట్టు వద్ద ఆగండి. మితిమీరి పోస్తే ఆర్గోనాట్‌లన్నీ దానితోనే నిండి, కణంలోని ఇతర మైక్రోఆర్‌ఎన్‌ఏలు నిలువ నీడ లేకుండా పోతాయి; వాటి లక్ష్యాలన్నీ పెరిగి కొత్త గందరగోళం పుడుతుంది. నా దృష్టిలో పెంచే ప్రయోగం కంటే తగ్గించే ప్రయోగానికే బరువు ఎక్కువ. ఎందుకంటే అది సహజ మోతాదు చేస్తున్న పనిని అడుగుతుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని దానిని అడ్డుకునేలా ఎల్‌ఎన్‌ఏ రసాయనంతో చేసిన వ్యతిరేక పోగు, క్రిస్పర్ అనే జన్యు కత్తిరింపు సాధనంతో జన్యువు తొలగింపు, ఒకే ఒక్క లక్ష్యం మీది చోటును కప్పివేసే చోటు-నిరోధకం అనే మూడు మార్గాలు ఉన్నాయి. వ్యతిరేక పోగు వాడినప్పుడు మైక్రోఆర్‌ఎన్‌ఏను పీసీఆర్‌తో కొలిచి తగ్గిందని తృప్తిపడకూడదు, ఆ పోగు పీసీఆర్‌కే అడ్డుపడి తగ్గినట్టు భ్రమ కలిగించవచ్చు. తెలిసిన లక్ష్యాలు పైకి లేచాయా అన్నదే సరైన సాక్ష్యం.

సందేశంతో పాటు ప్రొటీన్‌ను కూడా తప్పక కొలవండి: కణంలోని లక్ష్యాన్ని వెస్టర్న్ బ్లాట్‌తో, బయటికి వచ్చిన సైటోకైన్‌ను ఎలైజాతో. ఒక్కొక్క లక్ష్యంలో తగ్గుదల చిన్నదిగా కనిపించినా నిరాశ పడనక్కరలేదు. ఒకే మార్గంలో వరుసగా ఉన్న రెండు ప్రొటీన్‌లు చెరి 30 శాతం తగ్గి, సంకేతం వాటికి అనులోమంగా నడుస్తుందని అనుకుంటే, చివరికి మిగిలేది 0.7ను 0.7తో గుణించినంత, అంటే సుమారు సగం. మిర్-146ఎ ఐరాక్-1ను, ట్రాఫ్-6ను కలిపి పట్టుకోవడంలోని బలం ఇదే కావచ్చు.

ఎనిమిదవ దశ: జీవిలో, ఒకే ఒక్క చోటును మార్చి చూడటం

మైక్రోఆర్‌ఎన్‌ఏను పూర్తిగా తొలగించిన ఎలుకలో వందల లక్ష్యాలు ఒకేసారి కదులుతాయి. వాటిలో మీ లక్ష్యం వాటా ఎంత అన్నది ఆ ఎలుక చెప్పలేదు. దీనికి అత్యంత కచ్చితమైన సమాధానం, మైక్రోఆర్‌ఎన్‌ఏను ముట్టుకోకుండా లక్ష్య జన్యువు యూటీఆర్‌లోని ఆ ఒక్క చోటును మాత్రమే మార్చిన ఎలుక. బి కణాలలో ప్రతిరక్షక జన్యువులను మార్చే ఎయిడ్ ఎంజైమ్ విషయంలో 2008లో రెండు బృందాలు ఇలా చేశాయి; మిర్-155 చోటు చెడగొట్టగానే ఎయిడ్ మోతాదు పెరిగింది, ఒక బృందం ఎలుకలలో ప్రమాదకరమైన క్రోమోజోమ్ మార్పిడులు కూడా ఎక్కువయ్యాయి. సాక్స్-1 మీది మిర్-155 చోటును మార్చిన 2015 నాటి అధ్యయనం మరింత లోతైన పాఠం నేర్పింది. మిర్-155 చేసే కొన్ని పనులు పూర్తిగానో అధిక భాగమో సాక్స్-1 ద్వారానే జరుగుతుండగా, మరికొన్ని పాక్షికంగా మాత్రమే, ఇంకొన్ని అసలు దానితో సంబంధం లేకుండా జరుగుతున్నాయి. కణం మారితే, వ్యాధి మారితే ఆ వాటా కూడా మారింది. అందుకే పరిశోధన పత్రం ముగింపులో లక్ష్యం పేరుతో పాటు కణం పేరు, ఉద్దీపన పేరు కూడా ఉండాలని నేను పట్టుబడతాను.

ఎలుకను తయారు చేసే వసతి లేనివారు క్రిస్పర్‌తో మానవ మోనోసైట్ కణ వంశాలలో, ఉదాహరణకు టీహెచ్‌పీ-1లో, అదే మార్పు చేయవచ్చు.

తొమ్మిదవ దశ: చికిత్స ప్రతిపాదనను తూచడం

మిర్-34ఎ అనుకరణను లిపిడ్ బుడగలలో పెట్టి కేన్సర్ రోగులకు ఇచ్చిన ఎమ్‌ఆర్‌ఎక్స్-34 మొదటి దశ పరీక్షను, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన తీవ్ర దుష్ప్రభావాల కారణంగా 2016లో నిలిపివేశారు. వాటిలో మరణాలు కూడా ఉన్నాయి. ఏడవ దశలో చెప్పిన ఇంటర్‌ఫెరాన్ పరీక్షను ఎందుకంత పట్టుదలగా చేయమన్నానో ఈ ఘటనతో పాటు గుర్తుంచుకోవాలి. అల్సరేటివ్ కొలైటిస్ అనే పెద్దపేగు శోథ వ్యాధి కోసం మూడవ దశ పరీక్షలకు చేరిన ఒబెఫాజిమాడ్ వేరే దారి పట్టింది. అది నోటి ద్వారా తీసుకునే చిన్న అణువు; కణం తానే మిర్-124ను ఎక్కువగా తయారు చేసుకునేలా ఆర్‌ఎన్‌ఏ స్ప్లైసింగ్‌ను (ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కత్తిరించి అతికించే పనిని) ప్రభావితం చేస్తుంది. బయటి నుంచి జంట పోగును పంపనవసరం లేదు కనుక వైరస్ గ్రాహకాలు మేల్కొనే ప్రమాదం ఆ మేరకు తప్పుతుంది.

మిర్-155ను అడ్డుకునే మందు గురించి ప్రతిపాదన రాసేటప్పుడు, ఆ అణువు టీకాలకు స్పందనలోనూ ప్రతిరక్షకాల తయారీలోనూ అవసరమని 2007 నాటి ఎలుకలు చూపిన విషయాన్ని ప్రతిపాదన మొదటి పేజీలోనే ప్రస్తావించాలి. దాని పక్కనే మరో మూడు సమాచారాలు ఉండాలి: మందు ఏ రకం కణానికి చేరుతుంది, ఆ కణంలో ఆ మైక్రోఆర్‌ఎన్‌ఏ ప్రతులు ఎన్ని, ఉద్దీపన తరువాత ఎన్నవ గంట నుంచి ఎన్నవ గంట వరకు దానిని అణచి ఉంచాలి.